పచ్చ వెలగక ముందే

ఆ ఆదివారం తెల్లవారకముందే లేచాను. లేచి చేసిన పనేమీ లేదు. కాఫీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. గారేజీలోకి మూడుసార్లు వెళ్లి పాంటియాక్ చుట్టూ తిరిగి వచ్చాను. చూడవలసినవన్నీ శనివారమే చూసేశాను. అయినా నాలుగోసారి వెళ్లి చక్రాల నట్లు చేత్తో తడిమాను. రాత్రికి రాత్రి అవి వదులైపోవని నాకు తెలుసు. చేతులకే తెలియలేదు.

సీజన్‌లో అది ఆఖరి పందెం. ఆ రోజు ఒక్క రౌండైనా గెలవకపోతే మార్లిస్ నంబరు పోతుంది.

మార్లిస్ నా భార్య. ఇరవై ఆరేళ్లు ఆ పాంటియాక్‌ని యాభై ఏడు నంబరుతో నడిపింది. అది 1969 నాటి కారు. ముదురాకుపచ్చ రంగు, ముందు భాగం మంచమంత పొడుగు. పెద్ద ఇంజన్ల బండ్లకి కండల కార్లని పేరుపడ్డ రోజుల నాటిది. ఆమె తోలేది, నేను పక్కన నిలబడేవాణ్ణి. టైర్లలో గాలి చూడటం, ఆ పూట వాతావరణాన్ని బట్టి కారు ఎంతసేపట్లో పరిగెడుతుందో అంచనా కట్టడం నా పని. రెండు చలికాలాల క్రితం ఆమె పోయింది. ఆ తర్వాత ఆమె సీట్లో నేను కూర్చున్నాను. పదకొండు పందేల్లో దిగాను. పదకొండింట్లోనూ మొదటి రౌండులోనే ఓడాను.

మా ట్రాక్‌లో నంబరంటే ఇంటిపేరులాంటిది. కానీ వరుసగా రెండు సీజన్లు ఒక్క రౌండూ గెలవకపోతే ఆఫీసువాళ్లు దాన్ని వెనక్కి తీసుకుంటారు, వచ్చే ఏడు అడిగినవాళ్లకిస్తారు. న్యాయమైన నియమమే. లేకపోతే మానేసినవాళ్ల నంబర్లూ పోయినవాళ్ల నంబర్లే జాబితా నిండా ఉండిపోతాయి. ఆ నియమం పెట్టిన రోజు మార్లిస్ కూడా చెయ్యెత్తి ఓటు వేసింది.

నేనెందుకు ఓడుతున్నానో ట్రాక్‌లో అందరికీ తెలుసు. మా పందెంలో వేగం ఒక్కటే గెలిపించదు. పావు మైలు దూరం మీ కారు ఎన్ని సెకన్లలో వెళ్తుందో మీరే తెల్ల బూట్‌పాలిష్‌తో అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది కారు ముందు బయలుదేరుతుంది. వేగం కారు ఆ తేడా ఎంతో అంతసేపు ఆగి, వెంటపడుతుంది. అందుకే యాభై ఏళ్లు దాటిన ఇనుము నిన్నగాక మొన్న ఓడ దిగిన జపాన్ కారుతో పోటీకి నిలబడగలుగుతుంది. రాసిన టైము కన్నా త్వరగా వెళ్లినా ఓటమే, కనుక అబద్ధం రాసి లాభం లేదు. చివరికి అంతా బయలుదేరడంలోనే తేలుతుంది.

గీత ముందు దీపాల స్తంభం ఉంటుంది. మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో పైనుంచి కిందికి వెలుగుతాయి, ఆ తర్వాత పచ్చ. పచ్చకంటే ముందు కారు గీత దాటితే ఎర్ర వెలుగుతుంది, అక్కడితో సరి. ఇద్దరూ ఆ తప్పు చేస్తే, మా ట్రాక్‌లో ఎవరు ముందు ఎర్ర వెలిగించుకుంటే వాళ్లే ఓడినట్టు. రెండోవాడి తప్పు లెక్కలోకి రాదు.

అలాగని పచ్చ చూసి కదిలేవాడూ గెలవడు. కన్ను చూసి, కాలు తొక్కి, అంత బరువూ కదిలి గీత దాటేసరికి అర సెకను గడిచిపోతుంది. ఆఖరి పసుపు వెలగగానే తొక్కెయ్యాలి. కారు గీత చేరేలోపల పచ్చ వస్తుందని నమ్మాలి. "పచ్చ చూశావంటే ఓడిపోయావన్నమాటే" అనేది మార్లిస్. ఆమె బతుకంతా అలాగే బతికింది. గంట మోగకముందే పొయ్యి మీంచి గుడ్లు దించేది. చర్చిలో పాట మొదలవకముందే లేచి నిలబడేది. ఆస్పత్రిలో డాక్టర్లు ఇంకో నెల అన్నారు. ఆమె తొమ్మిదో రోజునే వెళ్లిపోయింది.

నేను నలభై ఏళ్లు మందుల షాపు నడిపాను. చీటీ రెండుసార్లు చదివి, మాత్రలు రెండుసార్లు చూసుకుని, సీసా మీద పేరు మళ్లీ ఒకసారి చదివిగానీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ అలవాటు కాల్లోకి దిగిపోయింది. కళ్లారా పచ్చ చూస్తే తప్ప కదలదు.

ట్రాక్‌కి చేరేసరికి ఎండ మెల్లగా కాస్తోంది. అక్టోబరు మొదటివారం. కంచె అవతల మొక్కజొన్న కోస్తున్నారు, పొట్టు గాల్లోకి లేచి మా కార్ల మీద పడుతోంది. గేటు దగ్గర పిల్ల నన్ను చూసి, అడక్కముందే చెయ్యి చాచి మా పాత చోటు చూపించింది. మొదటి వరసలో, నీళ్ల కుళాయి పక్కన. రెండేళ్లుగా అక్కడ ఎవ్వరూ బండి పెట్టడం లేదు. ఎవరు ఎవరికి చెప్పారో నాకు తెలియదు.

మార్లిస్ చెల్లెలు డార్లీన్ అప్పటికే మడతకుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్లు బడి బస్సు తోలిన మనిషి. ఇప్పుడు నా పాత పని ఆమె చేస్తోంది.

"ఏం తిన్నావ్ పొద్దున?" అంది.

"తిన్నాను."

"అబద్ధం. చొక్కా మీద ఒక్క రొట్టె పొడి కూడా లేదు. నువ్వు తింటే నాకు తెలియదా?" సంచీలోంచి రేకుకాగితంలో చుట్టిన గుడ్డు రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. "తిను. కడుపు ఖాళీగా ఉంటే కాలు ఇంకా ఆలస్యమవుతుంది."

"అది డాక్టరు చెప్పాడా?"

"బస్సు డ్రైవరు చెప్పింది. నా బస్సు ఎక్కే పిల్లలు నిద్రలో కూడా నీకంటే ముందే కదిలేవాళ్లు, ఆరిన్."

ఏటా ఆఖరి పందెం పాతవాటికీ విదేశీ కార్లకీ మధ్య జరుగుతుంది. ఎడమ వైపు పదహారు అమెరికన్ ముసలి కార్లు, కుడి వైపు పదహారు జపాన్, జర్మన్ కార్లు. ఆ రోజు ట్రాకంతా ఎకసెక్కాలతో నిండిపోతుంది. అటువాళ్లు మా వరస ముందు నుంచి పోతూ, "మ్యూజియం టికెట్ ఎక్కడ కొనాలండీ?" అంటారు. మావాళ్లు, "ఆ కుట్టుమిషన్ పెట్టుకుని ముందు మీ ప్యాంటు చిరుగు కుట్టుకోండిరా" అంటారు. మధ్యాహ్నానికి అందరూ ఒకరి బల్ల దగ్గర ఒకరు తింటూ కనిపిస్తారు.

పొద్దున ఒక పరుగు తీశాను, ఊరికే, కారు టైము చూసుకోవడానికి. పదమూడు సెకన్ల నలభై. కారు బంగారంలా పరిగెత్తింది. నేను పచ్చ చూశాకే బయలుదేరాను. టైములు అచ్చయిన చీటీ చూసి డార్లీన్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. ఎకసెక్కం ఒక్కటీ రాకపోయేసరికి నాకు భయం వేసింది.

పదకొండింటికి జతలు కట్టారు. టోపీలోంచి చీటీ తీస్తే నాకు ఫెంగ్ లోర్ పేరొచ్చింది.

"అయిపోయింది" అంది డార్లీన్. "వాడిది కాలు కాదు, పిల్లి పంజా."

ఫెంగ్‌ది బూడిదరంగు జపాన్ కారు. పావు మైలు పదకొండు సెకన్ల ఇరవైలో దాటేస్తుంది. నాకంటే రెండు సెకన్ల పైన ఆలస్యంగా బయలుదేరి, ఆఖర్లో తుపానులా పక్కనుంచి వెళ్లిపోతాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. తూర్పు దేశాల కొండల నుంచి మా ఊరికి వలస వచ్చిన హ్మాంగ్ కుటుంబాల్లోవాడు, పాల యంత్రాల ఫ్యాక్టరీలో పని. ఆ సీజన్‌లో అతనికంటే బాగా బయలుదేరినవాళ్లు మా ట్రాక్‌లో లేరు.

నేను కుర్చీలో కూర్చున్నాను. లేచాను. బానెట్ ఎత్తాను, దించాను. ఒక గుడ్డ తీసుకుని తుడిచిన అద్దమే తుడిచాను.

"కూర్చో" అంది డార్లీన్.

"కూర్చునే ఉన్నాగా."

"నువ్వు కూర్చున్నట్టు నీకు అనిపిస్తోంది. నాకు మాత్రం గంట నుంచి నీ నడుమే కనిపిస్తోంది, మొహం కనిపించడం లేదు."

అప్పుడే ఫెంగ్ వచ్చాడు. చేతిలో కాగితం పళ్లెం. అందులో ముద్దన్నం, కాల్చిన పంది మాంసపు సాసేజి, పచ్చిమిరప నూరిన కారం.

"మా పిన్ని పంపింది" అన్నాడు నాతో. "ట్వేట్ గారూ, మీకు కారం తక్కువ వెయ్యమన్నాను. వినలేదు."

డార్లీన్ సాసేజి ముక్క ఒకటి అందుకుని, "ప్రత్యర్థికి కారం పెట్టి కళ్లల్లో నీళ్లు తెప్పించాలనా? దీపాలు కనపడకుండా?" అంది.

"ఆయన దీపాలు చూడ్డమే కదండీ సమస్య" అన్నాడు ఫెంగ్. అనేసి నాలుక కరుచుకున్నాడు. డార్లీన్ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నిజం చెప్పినవాడి మీద కోపం ఎందుకు?

ఆమె మంచినీళ్లకు వెళ్లగానే అతను నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మా నాయనమ్మ గుర్తుందా మీకు?"

గుర్తుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పిల్లవాడు ఫెంగ్ పక్కన నిలబడి ఆమెకు తర్జుమా చేసి చెప్పేవాడు. వాడు బడికి వెళ్లే రోజుల్లో ఆమె ఒక్కతే షాపుకి వచ్చేది. అందుకని ఆమె సీసాల మీద సూర్యుడి బొమ్మా చంద్రుడి బొమ్మా వేసి ఇచ్చేవాణ్ణి. ఎన్ని మాత్రలో అన్ని చుక్కలు పెట్టేవాణ్ణి.

"ఆ సీసాలు మా అమ్మ ఇంకా పారెయ్యలేదు" అన్నాడు. "గుండీలు దాచుకుంటోంది వాటిల్లో." గడ్డి పరకలు నాలుగు పీకాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ట్వేట్ గారూ, నేను ముందే బయలుదేరతాను."

"అంటే?"

"ఎర్ర వెలిగించుకుంటాను. అందరికీ అప్పుడప్పుడూ జరిగేదే. ఎవరూ అనుమానించరు. మీరు ఎప్పట్లాగే వెళ్లండి. నంబరు ఉంటుంది."

నేను వద్దనాలి. ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా. కానీ మైకులో పందేలు ప్రకటించే గోర్డి గొంతు ఎవరిదో పేరు పిలిచింది, నేను అటు తల తిప్పాను, ఆ ఒక్క క్షణంలో మాట మింగేశాను. తిరిగి చూసేసరికి ఫెంగ్ లేచి ప్యాంటుకంటిన పొట్టు దులుపుకుంటున్నాడు.

"అన్నం చల్లారకముందే తినండి" అని వెళ్లిపోయాడు.

అన్నం తినలేదు. వద్దనలేదంటే సరేనన్నట్టే కదా! డెబ్బై ఒక్కేళ్ల వయసులో, ఎవరికీ ఒక్క మాత్ర తక్కువివ్వనివాణ్ణి, ఒక పందెం దొంగచాటుగా పుచ్చుకోవడానికి నోరు మూసుకుని ఊరుకున్నాను. అయినా మైకులో గోర్డి "ఎడమ వైపు, యాభై ఏడు" అనడం వచ్చే ఏడు కూడా వినబోతున్నానన్న ఊహ నాలో ఎక్కడో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ మాట విన్నప్పుడల్లా జనంలో నలుగురైదుగురు తలెత్తి చూస్తారు. వాళ్లు చూసేది నన్ను కాదు.

డార్లీన్ రాగానే చెప్పేశాను. ఆమె దగ్గర దాచడం నాకు చేతకాదు.

ఆమె మంచినీళ్ల సీసా మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. "ఒప్పుకో" అంది.

"ఏమిటి?"

"ఒప్పుకోమంటున్నా. మార్లిస్ అయితే ఒప్పుకునేది కాదు, నిజమే. కానీ మార్లిస్ నీలాగా పదకొండుసార్లు ఓడేది కూడా కాదు."

"డార్లీన్!"

"మా అక్క నంబరు అది. నీకొక్కడికే అక్కర ఉందనుకుంటున్నావా?" ఆమె వెంటనే కారు చుట్టూ వెళ్లి టైరు గాలి చూడటం మొదలుపెట్టింది, పావుగంట క్రితం చూసిందే.

నేను ఫెంగ్‌ని వెతుక్కుంటూ వెళ్లాను. వద్దని చెప్పాలని వెళ్లానా, మాట ఖాయమేనా అని చూసుకోవాలని వెళ్లానా, ఇప్పటికీ రూఢిగా చెప్పలేను. వాళ్ల పిన్ని పొయ్యి దగ్గర ఉంది. ఫెంగ్ అప్పుడే వరసలోకి వెళ్లాడని చేత్తో చూపించి, ఇంకో పళ్లెం ఇవ్వబోయింది. దండం పెట్టినట్టు రెండు చేతులూ అడ్డం పెట్టి వచ్చేశాను. ఇంతలో గోర్డి మా వరసను పిలిచాడు.

బయలుదేరబోతుంటే మెడ మీద చల్లగా తగిలింది. పడమటి నుంచి ఒక మబ్బు వచ్చి సూర్యుణ్ణి కప్పింది. గాలి మారింది. చల్లగాలి ఇంజన్‌కి మంచిది, పరుగు పెరుగుతుంది. ఈ ఒక్క పని నాకు బాగా వచ్చు. అద్దం మీద రాసిన నలభై చెరిపి ముప్ఫై ఆరు రాశాను. పదమూడు సెకన్ల ముప్ఫై ఆరు. రాస్తున్నంతసేపూ చెయ్యి నిలకడగానే ఉంది.

వరసలో మా ముందు ఆరు జతలున్నాయి. ఫెంగ్ కారు నా పక్కనే, బారెడు దూరంలో. హెల్మెట్ పెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని ఉన్నాడు. నేను చెయ్యి ఊపాను. అతను బొటనవేలు ఎత్తి చూపించాడు. అడ్డంగా తల ఊపాను. హెల్మెట్‌లో ఆ ఊపు ఎలా కనిపించిందో, అతను ఇంకోసారి బొటనవేలు ఎత్తాడు. దిగి వెళ్దామనుకునేసరికి ముందు జత కదిలింది, వెనకవాళ్లు హారన్ కొట్టారు.

డార్లీన్ కిటికీలోంచి వంగి నా బెల్టులు గట్టిగా లాగింది. ఊపిరాడనంత గట్టిగా.

"మాట్లాడావా?"

"లేదు."

"మంచిది. ఊరుకో." తల తీసేసి, మళ్లీ పెట్టింది. "ఊరికే వెళ్లిరా ఆరిన్. ఎలా వెళ్లినా సరే."

నీళ్ల గుంటలో టైర్లు తడిపి, పొగలొచ్చేలా ఉన్నచోటే తిప్పి వేడెక్కించి, గీత దగ్గరికి వచ్చాను. పొగ పక్కకి పోయాక దీపాల స్తంభం కనిపించింది. మధ్యలో నల్లటి పలక ఉంటుంది. ఎవరి దీపాలు వాళ్లకే, అవతలివాళ్లవి కనిపించవు. మైకులో గోర్డి అన్నాడు, "ఎడమ వైపు, యాభై ఏడు." అని ఒక్క క్షణం ఆగాడు. "కుడి వైపు, రెండు వందల పన్నెండు, ఫెంగ్ లోర్."

ముందు చక్రం గీతను తాకింది. పక్కవాడిదీ తాకింది.

నేను చెయ్యవలసింది ఏమీ లేదని అప్పుడు తెలిసింది. ఎర్ర వెలిగించుకోకుండా ఉంటే చాలు. పచ్చ వచ్చేదాకా ఆగడం, అంతే. నాకు లోకంలో అన్నిటికంటే బాగా వచ్చిన పని అదే. ఆగితే మార్లిస్ నంబరు నిలబడుతుంది. ఇక ఓడిపోవడమన్నది లేదు.

ఇంతకుముందు పదకొండుసార్లూ ఈ చోట నా కాలు రాయిలా బిగుసుకుపోయేది. ఈసారి బిగుసుకోలేదు. పోయేదేమీ లేదనుకున్నాక భయం ఎటో వెళ్లిపోయింది. కాలు ఎవరో చిన్నవాడిదిలా తేలికగా ఉంది. మొదటి పసుపు చూశాను. రెండోది చూశాను. మూడోది వెలిగిందో, వెలగబోతోందో. కాలు వెళ్లిపోయింది. నేను వెళ్లమనలేదు. ఆగమనడానికి కూడా నాకు వ్యవధి ఇవ్వలేదు.

పాంటియాక్ ముక్కు ఆకాశంలోకి లేచింది. వీపు సీటుకు అంటుకుపోయింది. అలాంటి బయలుదేరడం ఆ సీట్లో నేనెన్నడూ ఎరగను. బయట నిలబడి ఇరవై ఆరేళ్లు చూశాను, అంతే. రెండో గేరు పడ్డాక నవ్వుతున్నానని నా గొంతు నాకే వినిపించి తెలిసింది. స్తంభం మీద ఏ రంగు వెలిగిందో చూడనే లేదు. పావు మైలులో సగం దాటాక ఫెంగ్ కారు చప్పుడు వెనక నుంచి వచ్చింది, పక్కకి వచ్చింది, ముగింపు గీతకి కాస్త ముందు నన్ను దాటి వెళ్లింది. ఎర్ర వెలిగించుకున్నా పూర్తిగా పరిగెత్తడం మావాళ్ల అలవాటే. అందుకని, మాట నిలబెట్టుకున్నాడు అనుకున్నాను.

చివర మలుపు దగ్గర చీటీల గూడు ఉంటుంది. అందులో కూర్చునే లవాన్ నాకంటే పెద్దది. రెండు కార్ల వివరాలూ ఒకే చీటీ మీద అచ్చవుతాయి. ఆమె దాన్ని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చూసి, నన్ను చూసి, కాస్త అవతల ఆగిన ఫెంగ్‌ని చూసింది.

"ఏమిటయ్యా ఇద్దరూ? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చారా?"

చీటీ అందుకున్నాను. నా వరసలో బయలుదేరిన సమయం: పచ్చకంటే సెకనులో నాలుగు వేయో వంతుల ముందు. ఎర్ర. ఫెంగ్ వరసలో: పచ్చకంటే దాదాపు మూడో వంతు సెకను ముందు. అదీ ఎర్రే. కానీ నా దీపాలు అతనివాటికంటే రెండు సెకన్లు ముందు వెలుగుతాయి కనుక నా ఎర్రే ముందు వెలిగింది. అతను తన దీపాల కోసం ఎదురుచూస్తూ ఉండగానే పందెం ముగిసిపోయింది, అతను గెలిచేశాడు. పలక అడ్డం ఉండటం వల్ల అతనికి తెలియలేదు.

కింద, విజేత అన్నచోట, రెండు వందల పన్నెండు అని ఉంది.

ఫెంగ్ హెల్మెట్ తీసేసి పరుగున వచ్చాడు. చీటీ చూశాడు. మొహం పాలిపోయింది.

"కావాలనే చేశారు. నేనన్నదానికి కోపం వచ్చి కావాలనే చేశారు కదా?"

"లేదు ఫెంగ్."

"మరి? మీరు ఎర్ర వెలిగించుకోవడమేమిటి? మీరు! పచ్చ వచ్చాక కూడా అటూ ఇటూ చూసి గానీ కదలరు మీరు!"

"నాలుగు వేయో వంతులయ్యా. కావాలనుకుని ఎవరైనా చెయ్యగలరా? నువ్వు చెయ్యగలవా?"

అతను ఆలోచించాడు. వాడు పిల్లి పంజా ఉన్నవాడు, ఆ లెక్క వాడికి తెలుసు. "చెయ్యలేను" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఊరికే ఆగి ఉంటే గెలిచేవారు" అన్నాడు.

"అవును."

"ఎందుకు ఆగలేదు?"

"తెలియదు. నువ్వు గెలుపు ఇచ్చేశాక భయం పోయింది. భయం పోయేసరికి కాలు నా మాట వినలేదు."

అతను రోడ్డు పక్క గడ్డిలో కూలబడ్డాడు. "నేను తప్పుకుంటాను. రెండో రౌండ్ ఆడను."

"లేవయ్యా. విజేత చేతిలో ఓడానని చెప్పుకోనీ నన్ను. నువ్వు తప్పుకుంటే, ఎవరి చేతిలో ఓడావని డార్లీన్ అడిగితే ఏం చెప్పను? గడ్డిలో కూర్చున్నవాడి చేతిలోననా?"

నవ్వలేక నవ్వాడు. లేచాడు. మబ్బు ఇంకా పోలేదని, అద్దం మీద టైము తగ్గించి రాసుకోమని చెప్పాను. తల ఊపి వెళ్లాడు.

నేను మా చోటికి వచ్చేసరికి డార్లీన్ కుర్చీలో లేదు. కుళాయి పక్కన నిలబడి ఉంది. మైకులో విన్నట్టుంది. చెయ్యి చాచింది. చీటీ ఇచ్చాను. చదివింది. తిరగేసి చూసింది. మళ్లీ చదివింది.

"ఇది నీదేనా?"

"నాదే."

"నాలుగు వేయో వంతులు?"

"ఊఁ."

"పసుపు మీద కదిలావు."

"కదిలాను."

ఆమె నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. నొప్పి పుట్టింది. "చవటా!" అంది. "ఎంత చవటవి! ఒక్క రోజు! ఇన్నాళ్లూ ఆగినవాడివి ఈ ఒక్క రోజు ఆగలేకపోయావ్!" అంటూనే నవ్వుతోంది. నవ్వుతూనే అటు తిరిగి కుళాయి తిప్పి మొహం కడుక్కుంది, చాలాసేపు. నేను ఆమె కోటు పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత ఆఫీసుకు వెళ్లాను. నంబరు వదులుతున్నట్టు సంతకం పెట్టాలి. సాయంత్రం జనం కిటకిటలాడే సమయంలో రావడం కన్నా ఇప్పుడే ముగించుకోవడం మేలనుకున్నాను. లోపల గుమాస్తా పిల్ల కాగితం తీసింది, నా మొహం చూసి మళ్లీ బీరువాలో పెట్టేసింది.

"సాయంత్రం గేటు మూసేదాకా అది మీదే" అంది. "సంతకానికి తొందరేముంది? ఓడినవాళ్లకి రౌండ్ల మధ్యలో ఊరికే పరుగులు వేసుకోనిస్తున్నారు ఇవాళ. వరస కూడా పెద్దగా లేదు."

తలుపు దగ్గరే కాసేపు నిలబడ్డాను. అక్కణ్ణుంచి ట్రాక్ కనిపిస్తోంది. ఫెంగ్ రెండో రౌండ్ కోసం గీత దగ్గరికి వస్తున్నాడు. అతని పక్కన తెల్లటి పాత షెవర్లే. చూద్దామని ఆగాను గానీ కాళ్లు ఆగలేదు. నడక పరుగయింది. ఈ వయసులో నన్నెవరూ పరిగెత్తగా చూసి ఉండరు. సాసేజి అమ్మేవాడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"డార్లీన్! బెల్టులు!"

"మళ్లీనా?"

"సాయంత్రం దాకా మనదేనట."

ఆమె గాలికొలత జేబులోంచి తీసుకుంటూనే వచ్చింది. వరసలోకి వెళ్తుంటే కంచె దగ్గర నిలబడ్డ ఒక ముసలాయన తలెత్తి తలుపు మీది నంబరు చూసి, టోపీ అంచు తాకాడు. నేనూ తాకాను.

ఈసారి నాలుగు వేయో వంతులు ఆగాలి. అంతకుమించి ఒక్కటి కూడా కాదు. అది ఎలా ఆగాలో నాకు తెలియదు. మార్లిస్‌ని ఎప్పుడూ అడగలేదు, ఆమె కూడా చెప్పి ఉండలేకపోయేదేమో. కాలు మాత్రం బ్రేకు మీద ఊరుకోవడం లేదు.

మా ముందు నాలుగు కార్లున్నాయి. వరస కదిలేదాకా అందరూ ఇంజన్ ఆపుకున్నారు. నేను ఆపలేదు.